పుష్‌రాడ్డు తిప్పే వేళ్లు

పాత మోటారుసైకిళ్లు కొనుక్కుని ముచ్చటపడే కుర్రవాళ్లు ఈమధ్య నంద్యాలలో ఎక్కువయ్యారు. నెలకొకడైనా మా మెకానిక్ షాపు ముందు బండి ఆపి, స్టూలు మీద ఊరికే కూర్చున్న నన్ను పెద్దమనిషి కింద లెక్కగట్టి అడుగుతాడు: “అన్నా, అడ్జస్టబుల్ పుష్‌రాడ్లు ఉంచాలా, ఫిక్స్‌డ్ వేయించాలా?” ఫోనులో ఒకడు అవి మంచివన్నాడట, ఇంకొకడు ఇవి మంచివన్నాడట. నేను వెంటనే జవాబు చెప్పను. ముందు వాడి చెయ్యి పట్టుకుని వేళ్లు చూస్తాను. జాతకం చెప్పబోతున్నానని వాడు అనుకుంటాడు. నేనెందుకు చూస్తానో చెప్పాలంటే, ముప్పై ఏళ్ల పనిలో నేను చేసిన అతిపెద్ద తప్పు గురించి చెప్పాలి.

నేను చెప్పేవాటిలో సగం తీసేసి వినమని మా ఆమె వచ్చినవాళ్లందరినీ హెచ్చరిస్తుంది. ఇందులో మాత్రం తీసేయాల్సింది ఒక్క ఎలుగుబంటినే. అది మధ్యలో వస్తుంది. దాన్ని పక్కనపెడితే మిగిలినదంతా జరిగిందే.

పుష్‌రాడ్డంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఇంజన్ అడుగున తిరిగే క్యామ్ నుంచి పైనున్న వాల్వు దాకా కదలికను మోసుకెళ్లే సన్నటి కడ్డీ అది. పెన్సిల్ కంటే కొంచెం లావు, జానెడు కంటే కొంచెం పొడవు. ఇంజన్‌కు రెండుంటాయి. పాత ఇంజన్లలో దాని అడుగున నట్లుంటాయి. స్పానర్లతో తిప్పి పొడవు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. అది అడ్జస్టబుల్. కొత్త ఇంజన్లలో కడ్డీ ఒకే పొడవు. దాని కింద నూనె నిండే టాపెట్ ఒకటి ఉండి, సందు ఎంతుంటే అంత తనే సర్దుకుంటుంది. అది ఫిక్స్‌డ్.

పాతదానిలో సరైన పొడవు తెలుసుకోవడానికి ఏ గేజీ పనికిరాదు, వేళ్లే కావాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య కడ్డీ పట్టుకుని తిప్పాలి. తిరుగుతూ పైకీ కిందికీ ఊగిందంటే పొట్టిగా ఉన్నట్టు, బండి టకటకమంటుంది. తిరిగేటప్పుడు పట్టినట్టు ఉంటే పొడుగైనట్టు, వాల్వు పూర్తిగా మూసుకోదు. ఊగకుండా హాయిగా తిరిగితే సరి. పైగా లాక్‌నట్ బిగించేటప్పుడు అది కొంచెం జరుగుతుంది, మళ్లీ పట్టుకుని చూడాలి. ఇదంతా రాత్రంతా ఆరి చల్లబడిన ఇంజన్‌కే చేయాలి. వేడికి సిలిండరు పెరుగుతుంది, కొలత తప్పుతుంది.

నాకు పని నేర్పిన ఉస్తాదుకు ఒక అలవాటుండేది. రాడ్లు సరిచేశాక మూత పెట్టేముందు బండి ఓనరును పిలిచి, “తిప్పి చూసుకో అప్పా” అనేవాడు. ఆయన తిప్పి సరేనంటేనే మూత పడేది. ఉస్తాదు పోయాక నేనూ ఆ పద్ధతే పట్టుకున్నాను. నంద్యాలలో నా షాపుకు పేరొచ్చిందే దానివల్ల. నా వేళ్ల గురించి జనం చెప్పుకునేవాళ్లు. వాళ్లకంటే ఎక్కువగా నేను చెప్పుకునేవాణ్ని.

ఆ వేళ్లే పోయాయి.

షుగరు వచ్చి చాలా ఏళ్లైంది. మాత్రలు గుర్తున్నప్పుడు వేసుకునేవాణ్ని. మొదట చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైంది. తర్వాత జేబులో చెయ్యి పెడితే తాళంచెవి ఏదో, బీడీకట్ట ఏదో తెలిసేది కాదు. ఒకరోజు రాడ్డు పట్టుకుని తిప్పుతుంటే, అది తిరగడం కళ్లకు కనిపిస్తోంది గానీ వేళ్లకు ఏమీ అందడం లేదు. మందపాటి గ్లౌజు తొడుక్కుని వేరేవాళ్ల చెయ్యి ముట్టుకున్నట్టుంది. ఎవరికీ చెప్పలేదు. మా ఆమెకూ చెప్పలేదు, డాక్టరుకూ చెప్పలేదు. వేళ్లు పోయిన మెకానిక్ దగ్గరికి ఎవడొస్తాడు? ఇంట్లో నలుగురి తిండి ఆ రెండు వేళ్ల మీద నడుస్తోంది.

అప్పుడు ఉస్తాదు అలవాటే నన్ను కాపాడింది. పైకి చూస్తే ఓనరుకు చూపిస్తున్నట్టు, లోపల మాత్రం ఓనరు మొహం చూసి నేను తెలుసుకుంటున్నట్టు. తిప్పేవాడి కనుబొమలు ముడిపడితే ఒక పావు తిప్పు వదులు చేసేవాణ్ని. మొహం విప్పారితే మూత పెట్టేసేవాణ్ని. బడిపంతుళ్లు వస్తే పండగ, చక్కగా అనుమానపడేవాళ్లు. రైతులతోనే తంటా. వాళ్ల వేళ్లు కాయలు కాసి నావాటికంటే మొద్దు, ఏది తిప్పినా “బాగుండాది మేస్త్రీ” అనేవాళ్లు. అట్లా బాగున్న బళ్లు వారంలో తిరిగొచ్చేవి.

ఇట్లా ఎన్నాళ్లని? అందుకే ఫిక్స్‌డ్ రాడ్ల మీదికి మనసు పోయింది. పాత ఇంజన్‌లో నూనె టాపెట్ లేకపోయినా, ఒకసారి కచ్చితంగా కొలిచి లేత్ మిషన్ మీద ఒకే పొడవు కడ్డీలు చేయిస్తే ఇక నట్లుండవు, తిప్పి చూసేదుండదు. కొలత చూడటానికి వెర్నియర్ స్కేలు, కోయడానికి లేత్ నడిపే ఆయన. నా వేళ్లతో పనే లేదు.

ఆ లేత్ ఆయన బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టే యంత్రాలకు షాఫ్టులు చేసి చేసి, నంద్యాల వచ్చి మా వెనక సందులో షెడ్డు వేసుకున్న మనిషి. తక్కువ మాటలు, ఎక్కువ పని. మొదటి రెండు బళ్లకు చలికాలం పొద్దున్నే కొలిచి ఇస్తే బంగారంలా చేసిచ్చాడు. ఆ రెండూ ఈరోజుకీ తిరుగుతున్నాయి. కాబట్టి తప్పు ఫిక్స్‌డ్ రాడ్లదని నా చేత ఎవరూ అనిపించలేరు.

ఇక నోటికి పని పడింది. వచ్చినవాళ్లందరికీ ఫిక్స్‌డ్ గొప్పదనం చెప్పడం మొదలుపెట్టాను. నల్లమల ఘాట్‌లో ఒకాయన అడ్జస్టబుల్ రాడ్డు నట్టు ఊడి బండి ఆగిపోయిందనీ, ఆయన రోడ్డు పక్కన కూర్చుని బిగించుకుంటుంటే ఎలుగుబంటి వచ్చి స్పానరు ఎత్తుకుపోయిందనీ చెప్పేవాణ్ని. మొదట అది పదమూడో నంబరు స్పానరు. నాలుగైదుసార్లు చెప్పేసరికి టూల్‌కిట్ మొత్తం ఎత్తుకుపోయింది.

అలాంటి రోజుల్లో ఒక శనివారం ఆళ్లగడ్డ నుంచి పాస్టరుగారొకరు వచ్చారు. అందరూ అయ్యగారంటారు, నేనూ అంతే. భారీ మనిషి, మైకు అక్కర్లేని గొంతు. బండి ఆయన మామగారిది, ఆయన కూడా దాని మీదే పల్లెలు తిరిగి బైబిలు వాక్యం చెప్పేవాడట. మర్నాడు ఈస్టరు. పొద్దు పొడవకముందే దొర్నిపాడు వైపు ఒక పల్లెలో సమాధుల తోట దగ్గర ఆరాధన, తర్వాత ఇంకో రెండు ఊళ్లు.

“బండి టకటకమంటాంది మేస్త్రీ,” అన్నాడు. “రేపు సగం దారిలో నిలబడితే, ఆడ జనం చీకట్లో నాకోసం చూస్తాంటారు. ఈ పొద్దే సరిచేసియ్యాల.”

బండి రాత్రికి వదిలిపెట్టమని చెప్పాల్సింది. వదిలేస్తే రేపు ఆయనకు బండి లేదు. ఎలుగుబంటి కథ చెప్పాను, ఫిక్స్‌డ్ వేయమన్నాడు. టీ తాగి, ఊళ్లో పనులున్నాయని వెళ్లాడు. అరగంట ఆగి నేను సిలిండరు మీద వేళ్లు ఆనించాను. ఎండాకాలం మధ్యాహ్నం, రేకుల షెడ్డు, ఆళ్లగడ్డ నుంచి ఆగకుండా వచ్చిన ఇనుప ఇంజన్. నా వేళ్లకు చల్లగా ఉంది. కాసేపు అలాగే ఉంచి చూశాను. నిజంగానే చల్లగా ఉంది. ఇంత తొందరగా ఆరిందే, మంచి ఇంజన్ అనుకున్నాను.

కొలిచి పట్టుకెళ్తే లేత్ ఆయన వెర్నియర్ చూసి తలెత్తాడు.

“ఇంజన్ సల్లగుండాదా?”

“ఐసు మాదిరుండాది.”

ఆయన కడ్డీలు ముందే కోసి పెట్టుకుంటాడు గనక, పొడవు సరిచేసి రెండు కొసలకూ మూతులు బిగించి ఇచ్చేశాడు. బిగించాను. ఒక్క కిక్కుకు బండి లేచింది. టకటకలు మాయం. విప్పిన పాత రాడ్లు రెండూ కాగితంలో చుట్టి అయ్యగారి చేతికే ఇచ్చాను, పాత సామాను ఓనరుదే కదా. ఆయన మురిసిపోతూ ఆళ్లగడ్డ దారి పట్టాడు.

ఆలస్యంగా అన్నానికి కూర్చుంటే మా ఆమె నా చెయ్యి పట్టుకుంది. చూపుడువేలు కొసన చింతగింజంత బొబ్బ. “ఇదేంది?” అంది. వెల్డింగు నిప్పు పడిందన్నాను. ఆ రోజు షాపులో వెల్డింగే జరగలేదు. అంత ధైర్యంగా అబద్ధం చెప్పానుగానీ, ఆ బొబ్బ ఎక్కడ నుంచి వచ్చిందో ఆలోచించడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు.

మర్నాడు తెల్లవారుజామున మూడున్నరకు ఫోను. అయ్యగారు.

“మేస్త్రీ, బండి లేయడంల్యా. మా సంఘపెద్ద కిక్కు కొడ్తాండాడు, కాలు పిండిలో దిగినట్టు దిగిపోతాందంట.”

ఆ ఒక్కమాటతో నాకు మొత్తం అర్థమైంది. కిక్కు అట్లా దిగిందంటే కంప్రెషన్ లేదు. కంప్రెషన్ లేదంటే వాల్వు మూసుకోవడం లేదు. వేడి మీద కొలిచిన కడ్డీ వేడి మీద సరిపోయింది. రాత్రి ఇంజన్ చల్లారి సిలిండరు కుదించుకోగానే కడ్డీ పొడుగైపోయి వాల్వును తెరిచే ఉంచింది. వేడి ఇంజన్ నాకు చల్లగా తగిలింది. బొబ్బ అందుకే వచ్చింది.

స్కూటరు మీద సామాన్లు కట్టుకుని బయల్దేరాను. వేరే బండి చూసుకోమనే వీలు కూడా లేదు. ఆళ్లగడ్డలో వాళ్ల సంఘం ఆటోలూ, బైకులూ అన్నీ అప్పటికే జనాన్ని ఎక్కించుకుని పల్లెకు వెళ్లిపోయాయి. మిగిలిన సంఘపెద్ద మోపెడూ, నా పాత స్కూటరూ ఆ భారీ మనిషిని మోసుకుని మూడు ఊళ్లు తిరిగేవి కావు. శిరివెళ్ల వచ్చేదాకా ఏం చేయాలో ఆలోచించాను. శిరివెళ్ల దాటాక ఏం చెప్పాలో ఆలోచించాను. ఆళ్లగడ్డ చేరేసరికి మంచి అబద్ధం ఒకటి తయారైంది.

పాత రాడ్లే మళ్లీ వేయాలి. అయ్యగారి ఇంటి ముందు, ఆయన భార్య, అందరూ పిలిచే అమ్మగారు, ఫోను లైటు పట్టుకుంటే కూర్చుని మార్చాను. అమ్మగారు అక్కడే బడిలో టీచరు. సంఘపెద్ద, అంటే వాళ్ల చర్చి పెద్దమనిషి, నా కంటే పదేళ్లు పెద్దాయన, కిక్కు కొట్టి కొట్టి ఆయాసపడుతూ మెట్టు మీద కూర్చున్నాడు. చేతులు అలవాటు ప్రకారం పనిచేసుకుపోయాయి. చివరకు ఆ ఘడియ రానే వచ్చింది. రాడ్డు పట్టుకుని తిప్పాను. ఏమీ తెలియలేదు. మామూలుగా చేసేదే చేశాను.

“తిప్పి చూడండి అయ్యగారూ.”

“నువ్వు చూసినావు గదా. నీ చెయ్యి పడినాక ఇంగ నేనేం చూడాల? మూత పెట్టు, బేగా పోదాం.”

అన్నేళ్లు ఏ మాట కోసం గొప్పలు చెప్పుకున్నానో ఆ మాటే వచ్చి నా మెడకు చుట్టుకుంది. మూత పెట్టేస్తే వాల్వు మళ్లీ తెరుచుకునే ఉండొచ్చు. దారిలో ఆగిపోవచ్చు. పెట్టకపోతే ఎందుకు పెట్టవని అడుగుతారు. కాసేపు నట్టు మీద స్పానరు ఊరికే తిప్పుతూ, తయారుచేసుకున్న అబద్ధాన్ని బయటికి తీశాను.

“ఆ లేత్ ఆయన ఒక ఎంట్రుక మందం ఎక్కువ ఉంచినాడు అయ్యగారూ. దాంతోనే వచ్చిందిదంతా.”

“ఎవురప్పా వాడు?” అని సంఘపెద్ద మెట్టు మీది నుంచే అందుకున్నాడు. పండగ కాగానే నంద్యాల పోయి అడుగుదామన్నాడు. ఆయన నిజంగానే పోయే రకం. తక్కువ మాటల లేత్ ఆయన ఈయన ముందు ఎట్లా నిలబడతాడో కళ్లకు కట్టింది.

అమ్మగారు లైటు కొంచెం దగ్గరికి తెచ్చింది. రాడ్డు మీదికి కాదు, నా చేతి మీదికి.

“ఆ ఏలికి ఏమైందప్పా?”

వెల్డింగు నిప్పని చెప్పొచ్చు. ముందురోజు ఒకసారి పనిచేసిన అబద్ధమే. ఎందుకో నోరు రాలేదు.

“నిన్న ఇంజన్ ముట్టుకున్నా అమ్మగారూ. కాలింది. కాలినట్టు నాకు తెలీలేదు. రెండేండ్లయింది ఈ చేతి వేళ్లకేమీ తెలీక. లేత్ ఆయన తప్పేం ల్యా.”

ఇప్పుడు ఈ మాట ఆళ్లగడ్డంతా తిరిగి, మధ్యాహ్నానికి నంద్యాల చేరి, రేపటినుంచి షాపు ముందు ఈగలు తోలుకోవడమే అనుకున్నాను.

అయ్యగారు వంగి నా పక్కన కూర్చున్నాడు.

“ఎవురికైనా చెప్పినావా?”

“లేదు.”

“నేనూ చెప్పలేదు.” ఆ పెద్ద గొంతు మొదటిసారి చిన్నగా వినిపించింది. “పోయిన నెల రెండు చెప్పులూ తొడుక్కోనే మందిరానికి బయల్దేరినా. గుమ్మం కాడ ఇడుద్దామని చూస్తే కాలికి ఒకటే ఉండాది. రెండోది యాడ జారిపోయిందో ఈనాటికీ తెలీదు.”

అమ్మగారి చేతిలో లైటు ఆయన మొహం మీదికి తిరిగింది. “కుక్క ఎత్తకపోయిందంటిరే?”

“అట్లనే చెప్పినా.”

“ఆ కాళ్లతోనే బ్రేకు తొక్కుతాండారా ఇన్నాళ్లు?”

అయ్యగారు కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. కిక్కు కొట్టడానికి సంఘపెద్దను ఎందుకు పిలిచాడో అప్పుడు తెలిసింది. అమ్మగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “మీరిద్దరూ ఒకే బడిలో సదువుకున్నారా ఏంది?” అంది. ముందు సంఘపెద్ద నవ్వాడు. తర్వాత అయ్యగారు. నేను నవ్వానో ఏడ్చానో చెప్పలేను, చీకట్లో రెండూ ఒకేలా ఉంటాయి.

నవ్వు ఆగగానే అమ్మగారు లైటు మొగుడి చేతిలో పెట్టి, కొంగు దోపుకుని కింద కూర్చుంది. ఎట్లా పట్టుకోవాలో చూపించమంది. చాక్‌పీసును వేళ్ల మధ్య తిప్పినట్టు తిప్పండి, ఏం తెలిస్తే అది చెప్పండి, నా మొహం చూసి మాత్రం చెప్పొద్దండి అన్నాను. తిప్పింది. కొంచెం పట్టినట్టుందంది. వదులు చేశాను. ఇప్పుడు కదులుతోందంది. బిగించాను. లాక్‌నట్ బిగించాక మళ్లీ తిప్పమన్నాను. కళ్లు మూసుకుని తిప్పి, ఇది సరిగా ఉందంది. అయినా రెండోసారి తిప్పింది. ముప్పై ఏళ్లలో నా షాపుకు వచ్చిన ఏ ఓనరూ రెండోసారి తిప్పలేదు.

సంఘపెద్ద కిక్కు కొట్టాడు. మొదటిసారి కాలు దిగలేదు, ఇంజన్ ఎదురుతన్నింది. ఆ తన్నులో ఉన్న సుఖం మెకానిక్కులకే తెలుస్తుంది. రెండో కిక్కుకు బండి లేచింది.

తోలేది నేనేనని అమ్మగారే తేల్చేసింది. బ్రేకు తొక్కే కాళ్లు నావి, వాక్యం చెప్పే నోరు ఆయనది. అయ్యగారు వెనక సీట్లో బైబిలు పట్టుకుని కూర్చున్నాడు, అమ్మగారు సంఘపెద్ద మోపెడ్ ఎక్కింది. ఎంత వేగంగా పోయామంటే... వద్దులే, ఇందులో అబద్ధం ఎలుగుబంటి ఒక్కటేనన్నాను కదా. మామూలు వేగంతోనే పోయాం. మేం చేరేసరికి తూర్పు తెల్లబడింది గానీ పొద్దు ఇంకా పొడవలేదు. జనం సమాధుల మధ్య కొవ్వొత్తులు పట్టుకుని అప్పటికే పాట ఎత్తుకున్నారు. అయ్యగారు పాటలో కలిసిపోతూ లోపలికి నడిచాడు. ఈసారి అమ్మగారు ఆయన కాళ్ల వంకే చూస్తూ వెనక నడిచింది.

నేను ప్రహరీ గోడకు ఆనుకుని బండి పక్కనే కూర్చున్నాను. రెండేళ్లుగా ఏ పని ముట్టుకున్నా మెడ మీద ఒక బరువుండేది, ఎవడు చూస్తాడో, ఎప్పుడు తెలుస్తుందో అని. అది లేదు. లోపల ఆ పెద్ద గొంతు మోగుతుండగానే కూర్చున్నచోటే నిద్రపోయాను. అన్నాల వేళకు సంఘపెద్ద తట్టి లేపి విస్తరి ముందు కూర్చోబెట్టాడు.

నంద్యాల వచ్చి మొదట మా ఆమెకు చెప్పాను. తిట్టింది. ఏం తిట్టిందో రాయను. తర్వాత లేత్ ఆయన దగ్గరికి పోయి, ఆయన పేరు చెడగొట్టబోయిన సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఆయన లేత్ ఆపి, చేతులు తుడుచుకున్నాడు.

“కాలే ముక్కను లేత్ మీద నుంచి తీసిస్తే వట్టి చేత్తో పట్టుకోని పోతాంటివి గదప్పా,” అన్నాడు. “మొగోడంటే నువ్వేననుకున్నా ఇన్నాళ్లు.”

మాట ఊరంతా తిరిగింది, అనుకున్నట్టే. కొందరు రావడం మానేశారు. అనుకున్నంతమంది కాదు. మిగిలినవాళ్లు వచ్చి, నా పక్కన కూర్చుని, రాడ్డు తిప్పి, తెలిసింది తెలిసినట్టు చెప్పడం నేర్చుకున్నారు. నిరుడు షాపు బామ్మర్దికి అప్పగించి స్టూలు మీదికి మారాను. వాడికి వేళ్లున్నాయి, నాకు చెవులున్నాయి. నోటి సంగతి మీకు తెలుసు.

కాబట్టి తమ్ముళ్లూ, నా జవాబు ఇది. మీ ఇంజన్‌లో నూనె టాపెట్ ఉంటే ఫిక్స్‌డ్ వేసుకోండి, మర్చిపోండి. లేకపోతే అడ్జస్టబులే ఉంచండి, పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద కూర్చోండి. వేళ్లకు తెలిస్తే తెలిసిందనండి. తెలియకపోతే పక్కనున్నవాళ్లను పిలవండి. రాడ్డును మించి నేను మార్చాలనుకున్నది నా భయాన్ని. దానికి లేత్ మీద దొరికే విరుగుడు లేదు.

ఆ ఈస్టరు తర్వాత వచ్చిన బుధవారమే అమ్మగారు బడికి సెలవు పెట్టి మరీ అయ్యగారిని నంద్యాల తీసుకొచ్చింది. నన్నూ షాపులోంచి లేవదీసి, ఇద్దరినీ షుగరు డాక్టరు ముందు పక్కపక్క బెంచీల మీద కూర్చోబెట్టింది. పరీక్ష అయ్యేదాకా ఇద్దరినీ కళ్లు మూసుకోమన్నాడు డాక్టరు. చివర సన్నటి ప్లాస్టిక్ దారమున్న పుల్ల ఒకటి పట్టుకున్నాడు. దాన్ని ఆనిస్తానని, తగిలినప్పుడు చెప్పమని అన్నాడు.

నా వేళ్లతో మొదలుపెట్టాడు. “తగిలిందా?”

“లేదు సార్.”

“ఇప్పుడు?”

“లేదు సార్.”

ఎంత హాయిగా ఉందో ఆ మాట అనడం. మూడోసారి, నాలుగోసారి కూడా లేదనే అన్నాను. అరచేతి దగ్గరికొచ్చాక మాత్రం తగిలింది, తగిలిందన్నాను. అక్కడ ఇంకా మిగిలే ఉందని, మాత్రలు సరిగా వేసుకుంటే నిలుస్తుందని డాక్టరు అన్నాడు. తర్వాత అయ్యగారి పాదాల దగ్గరికి పోయాడు. దారం ఆనిన ప్రతిసారీ అయ్యగారు ఆ పెద్ద గొంతుతో తగిలిందని టకటకా చెప్పేస్తున్నాడు. ఒక్కటీ తప్పడం లేదు. డాక్టరు ఆశ్చర్యపోయి, పాదాలు బ్రహ్మాండంగా ఉన్నాయే అన్నాడు.

నేను ఆగలేకపోయాను.

“సార్, అయ్యగారు ఒక కన్ను తెరిచి చూస్తాండాడు.”

డాక్టరు పుల్ల పట్టుకునే నా వైపు తిరిగాడు. “మరి కళ్లు మూసుకోనుండే నీకెట్ల తెలిసిందప్పా?”